ఉమాపతి గారి ఆరు మిల్లీమీటర్లు

పదకొండేళ్ళలో ఉమాపతి గారు నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి నేను అబద్ధం చెప్పాను. ఆయన గురించి చెప్పబోయే ముందు ఈ ముక్క ఒప్పేసుకోవాలి. లేకపోతే ఆయన్ని పొగిడి నేను మంచిదాన్ననిపించుకున్నట్టు అవుతుంది. నా పేరు తారామణి. ఉప్పల్లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. జవాబు పక్కన సెంటీమీటర్లని రాయకపోతే అర మార్కు కోసేస్తాను, ఎంత ఏడ్చినా మళ్ళీ వెయ్యను. అలాంటిదాన్ని నేనే తప్పు అంకె రాసిచ్చాను.

మేం నలుగురం రోజూ ఒకే కార్లో వెళ్తాం. కారు ఉమాపతి గారిది, నడిపేదీ ఆయనే. పక్క సీట్లో రామ్మోహనరావు గారు, ఒక ఆఫీసులో సూపరింటెండెంటు, వచ్చే ఏడాది రిటైరవుతారు. వెనక నేనూ, నా పక్కన సుబ్బులూ. సుబ్బులు ఒక పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. అందరిదీ నాగారంలో ఒకే కాలనీ, అందరి పనీ ఉప్పల్లోనే. ఏడూ ఇరవైకి ఉమాపతి గారు మా గేటు ముందు ఆగుతారు, మిగతా ఇద్దరూ అక్కడికే వస్తారు. హారన్ కొట్టరు. ఇంజను ఆపేసి కూర్చుంటారు. ఒకప్పుడు బస్సు రాక స్టాపులో నిలబడి లోకాన్నంతా తిట్టుకుంటున్న నన్ను చూసి కారాపి ఎక్కించుకున్న మనిషి, ఆ మర్నాడు కూడా ఆగారు. అలా పదకొండేళ్ళు గడిచాయి. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. "ఎలాగూ వెళ్తున్నాను కదండీ" అంటారు, అంతే.

ఆయన పనేమిటో చెప్తే మీరు నవ్వుతారు. ఉప్పల్లో ఒక ల్యాబులో కాటాలు సరిచూస్తారు. బంగారం కొట్టు కాటా నుంచి మందుల కంపెనీలో ఆవగింజని కూడా తూచే కాటా దాకా, ఏది నిజం చెబుతోంది, ఏది చెప్పట్లేదు అని తేల్చేది ఆయనే. లోపల మఖమలు గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో తళతళలాడే స్టీలు తూకపు రాళ్ళుంటాయి. వాటిని వట్టి చేత్తో ముట్టుకోరు, వేళ్ళ చెమట అంటితే బరువు మారిపోతుందట. ఒకసారి నేను చూద్దామని చెయ్యి చాపితే పెట్టె మూత మెల్లిగా మూసేశారు. కోపంగా కాదు, చంటిపిల్ల మీద దుప్పటి కప్పినట్టు. ఆ రోజంతా నాకు ఒళ్ళు మండింది గానీ ఆయన మాత్రం మామూలుగానే ఉన్నారు.

తనకోసం ఏదీ ఎంచుకోని మనిషి ఆయన. ఇంటికి రంగు వాళ్ళ తమ్ముడు ఎంచాడు. చొక్కాలు వాళ్ళావిడ హరిచందన కొంటుంది. కారు తెల్లదెందుకు తీసుకున్నారంటే, ఆ రోజు షోరూములో తెల్లదే ఉందట. "పెళ్ళిచూపుల్లో కూడా నన్నేమీ అడగలేదు తెలుసా, కాఫీలో చక్కెర సరిపోయిందా అంటే సరిపోయిందన్నారు. అందులో నేను చక్కెరే వెయ్యలేదు" అని హరిచందన ఇప్పటికీ చెప్తుంది. అలాంటాయన కిందటి ఎండాకాలం ఒకరోజు, మల్లాపూర్ దాటుతుండగా, ఉన్నట్టుండి, "కారుని కొంచెం కిందికి దించుదామనుకుంటున్నాను" అన్నారు.

"కిందికంటే?" అన్నారు రామ్మోహనరావు గారు.

"ఎత్తు తగ్గించడమండీ. ముప్పై మిల్లీమీటర్లు."

"ఎందుకయ్యా? కుర్రాళ్ళు చేయించుకుంటారు అలాంటివి."

ఉమాపతి గారు గేరు మార్చి చెప్పారు. "పొద్దున గేటు తీసేటప్పుడు రోజూ చూస్తానండీ. చక్రానికీ పైన రేకుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. పొట్టి పాంటు వేసుకుని నిలబడ్డట్టుంటుంది బండి. పదేళ్ళుగా కంటికి తగులుతూనే ఉంది. రెండు వేళ్ళుంటే చాలు." ఇంకో మాట కూడా అన్నారు. మలుపుల్లో కారు ఒరిగిపోతోందనీ, సుబ్బులుకి వాంతి వచ్చేది అందుకేననీ, కిందికి దిగితే ఒరగడం తగ్గుతుందనీ. సుబ్బులు పర్సులో నిమ్మకాయ పెట్టుకుని తిరుగుతుందన్న సంగతి ఆయన అద్దంలో ఎన్నాళ్ళుగా చూస్తున్నారో నాకు అప్పుడే తెలిసింది.

అందరం నవ్వాం. నేను మరీ నవ్వాను. నాగారం నుంచి ఉప్పల్ దాకా మా రోడ్డు మీద, ఎవరింటి ముందు వాళ్ళు మిగిలిన సిమెంటుతో పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు. వాటి మీద కిందికి దించిన కారా? కానీ ఆయన అది ఊరికే అన్న మాట కాదు. ఆ తర్వాత ఆదివారం తెల్లారకుండా ఒక చెక్కబద్దా, నీటిమట్టమూ, స్టీలు స్కేలూ పట్టుకుని బయల్దేరి, మా దారిలో ఉన్న నలభై ఒక్క స్పీడ్ బ్రేకర్లనీ కొలిచొచ్చారు. పాలవాళ్ళూ, నడకకి వచ్చినవాళ్ళూ రోడ్డు వెడల్పు చేస్తున్నారేమో అనుకుని చుట్టూ చేరి, మా ఇల్లు పోతుందా సార్ అని అడిగారట. అన్నిట్లోకీ ఎత్తయినది నాచారంలో ఒక ఫంక్షన్ హాలు ముందుది. దాని పేరెత్తితే రామ్మోహనరావు గారు నడుం పట్టుకుంటారు.

ఇక సామాన్లు ఎంచుకోవడం. ఒక నెల మాకు కార్లో ఇంకో కబురు లేదు. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఒకాయన, ఉన్న స్ప్రింగునే చుట్టున్నర కోసేస్తే గంటలో పనైపోతుందన్నాడట. "కోస్తే ఎత్తు తగ్గుతుందండీ, కానీ స్ప్రింగు తన గూట్లో కుదురుగా కూర్చోదు. గోతిలో పడి లేచినప్పుడు పక్కకి జారిపోతుంది. వెనక మీరున్నారు" అన్నారు ఉమాపతి గారు. ఇంకో చోట, మర తిప్పితే ఎత్తు మారే రకం చూపించారు. చూడ్డానికి నగలా ఉందట. రేసులకి మంచిదే గానీ, మన వానలకీ బురదకీ ఆ మర తుప్పు పట్టి బిగుసుకుపోతుందనీ, పైగా రాయిలా గట్టిగా ఉంటుందనీ అదీ వద్దనుకున్నారు. రోజూ తిరిగే కారుకి కావలసింది పొట్టి స్ప్రింగులూ, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లూ, రెండూ కలిపే మార్చాలి. ఒకటి కొత్తది వేసి ఒకటి పాతది ఉంచితే రెండూ పాడవుతాయి. ఈ నిర్ణయానికి వచ్చిన రోజు ఆయన నడిపే తీరే మారిపోయింది. వేలితో స్టీరింగు మీద తాళం వేశారు. నేను ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను.

పని చేసేది దుర్గేష్. నాచారం పారిశ్రామికవాడలో ఒక సందులో షెడ్డు. ముప్పై ఐదేళ్ళుంటాయి, పుట్టిందీ పెరిగిందీ అక్కడే. వచ్చినవాళ్ళలో సగం మందిని పని చెయ్యనని పంపించేస్తాడని పేరు. ఉమాపతి గారు తన కాగితాలన్నీ పరిస్తే, దుర్గేష్ అవన్నీ చూసి, "గివన్నీ మంచిగనే ఉన్నయన్న. మరి బండ్లె ఎవరెవరు ఎక్కుతరు?" అన్నాడట. ఖాళీ బండిని చూసి అతను స్ప్రింగు వెయ్యడు. రోజూ నడిచే బండికి రోజూ ఎక్కేవాళ్ళ బరువే లెక్క అంటాడు. వెనక్కి రెండు రకాలున్నాయి, ఒకటి మెత్తది, ఒకటి గట్టిది. ఎత్తు రెండిటికీ ఒకటే. వెనక సీట్లో నూట పాతిక కిలోలు దాటకపోతే మెత్తది వెయ్యొచ్చు, నడుం కదలదు. దాటితే గట్టిదే.

ఆ మర్నాడు కార్లో ఉమాపతి గారు మా ముగ్గురికీ తలా ఒక చిన్న కాగితం ముక్క ఇచ్చారు. రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, చెవులు ఎర్రబడిపోయి, "ఏమీ అనుకోకండి. మీ మీ బరువు రాసి మడిచి ఇవ్వండి. నేను తప్ప ఎవరూ చూడరు" అన్నారు.

ఇదీ ఆయన నన్నడిగిన ఒక్క ప్రశ్న. నేను అరవై రెండు అని రాశాను.

ఎందుకు రాశానంటే ఏం చెప్పను? అరవై రెండు మా అమ్మాయి పుట్టకముందు నా బరువు. ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. స్కూల్లో టీచర్లకి వైద్యపరీక్షలు పెట్టినప్పుడు నేను సెలవు పెట్టేదాన్ని. ఇంట్లో ఉన్న మిషను మంచం కిందికి తోసేసి ఆరేళ్ళయింది. ఎదటి మనిషి మొహం మీద లావయ్యావంటే పకపకా నవ్వి ఊరుకుంటాను గానీ, ఆ అంకెని నా చేత్తో నేను రాయలేకపోయాను. అయినా కారుకి నా బరువుతో పనేమిటి, ఇనుము కదా అనుకున్నాను. లెక్కల టీచర్ని, ఇలా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను బెంచీ మీద నిలబెట్టుకోవాలనిపిస్తుంది.

ఉమాపతి గారు మూడు కాగితాలూ విప్పి కూడుకుని, వెనక నూట పదిహేడు, సంచులతో నూట ఇరవై ఒకటి అని తేల్చుకున్నారు. మెత్తవి వేయించారు. నా మెడనొప్పీ, సుబ్బులు వాంతులూ చూసి మెత్తవే కావాలని ముందునుంచీ ఆశ పడ్డారట, లెక్క అలాగే వచ్చేసరికి సంతోషించారట. ఫంక్షన్ హాలు స్పీడ్ బ్రేకర్ మీద నలుగురం ఉన్నా కారు అడుగుకీ సిమెంటుకీ మధ్య అయిదు మిల్లీమీటర్లు మిగులుతుందని మాకు చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. "మీరు ఎక్కిన బండికి ఒక్కసారి అడుగు తగిలినా సరే, పాత స్ప్రింగులు పెట్టించేస్తాను. నా సరదాకి మీ నడుములు విరగ్గొట్టను." ఆయన మాటంటే మాటే.

సోమవారం ఏడూ ఇరవైకి గేటు దగ్గర కారు ఆగింది. నేను చెప్పులు వేసుకోవడం మర్చిపోయి చూశాను. అదే కారు, అదే తెలుపు. కానీ ఇప్పుడు అది నేల మీద నిలబడి లేదు, కూర్చుని ఉంది. చక్రం పైన సరిగ్గా రెండు వేళ్ళు. ఉమాపతి గారు ఎన్నడూ లేనిది కిందికి దిగి, పక్కన నిలబడ్డారు. "ఎలా ఉందండీ?" అనలేదు. మేం చెప్పేదాకా అలాగే నిలబడ్డారు.

"బాగుందయ్యా! పెళ్ళికొడుకులా ఉంది" అన్నారు రామ్మోహనరావు గారు. ఉమాపతి గారు నవ్వు ఆపుకోలేక తలుపు తీయబోయి పొరపాటున వెనక తలుపు తీశారు.

ఈసీఐఎల్ చౌరస్తా మలుపులో కారు ఒరగలేదు. మల్లాపూర్ వంపుల్లో ఒరగలేదు. సుబ్బులు నిమ్మకాయ బయటికి తీసి, వాసన చూడకుండానే మళ్ళీ పర్సులో పెట్టేసుకుంది. "అన్నయ్యగారూ, ఇవాళ నాకేమీ అవ్వట్లేదు" అంది. ఆయన అద్దంలో చూసి తల ఊపారు. ఇరవై ఎనిమిది స్పీడ్ బ్రేకర్లు దాటాం, ఒక్కటి తగల్లేదు. అప్పుడు ఫంక్షన్ హాలు వచ్చింది. ఆయన రెండో గేరులోకి మార్చి, నెమ్మదిగా, కొంచెం ఏటవాలుగా ఎక్కించారు. ముందు చక్రాలు దిగాయి. వెనక చక్రాలు ఎక్కుతుండగా మా కాళ్ళ కింద కర్రుమని గీసుకుంది.

ఉమాపతి గారు కొంచెం ముందుకు పోనిచ్చి ఆపి, దిగి, వంగి కిందికి చూశారు. సైలెన్సర్ కింద రేకు మీద తెల్లగా ఒక గీత. ఆయన మోకాలి మీద దుమ్ము దులుపుకుని లోపల కూర్చున్నారు. "నా కొలత తప్పింది" అన్నారు. మెల్లిగానే అన్నారు గానీ నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆ వారం ఎలా గడిచిందో చెప్తే మీరు మమ్మల్ని తిడతారు. మంగళవారం తగిలింది, బుధవారం తగిలింది. గురువారం నాటికి మేం ముగ్గురం, ఆ ఫంక్షన్ హాలు కనపడగానే, పైన పట్టుకునే పిడి పట్టుకుని సీట్లోంచి లేచినట్టు బిగుసుకుని కూర్చోవడం మొదలెట్టాం. అలా చేస్తే బరువు తగ్గుతుందని! నేనూ చేశాను. పిల్లలకి భౌతికశాస్త్రం కూడా అప్పుడప్పుడూ చెప్తుంటాను నేను. ఉమాపతి గారు మాత్రం బుధవారం సాయంత్రం మమ్మల్ని దింపి, ఒక్కరే వెనక్కి నాచారం వెళ్ళి ఆ స్పీడ్ బ్రేకర్‌ని మళ్ళీ కొలిచొచ్చారు. అంకె మారలేదు. హరిచందన నాకు ఫోన్ చేసి, "ఈయన నిన్న ల్యాబులో చూసిన కాటాలు కూడా మళ్ళీ చూసుకుంటున్నారు వదినా. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ ఇలా లేరు. శనివారం పాత స్ప్రింగులు పెట్టించేస్తారట" అంది.

నాకు దుఃఖం వచ్చింది. కారు ఎత్తు తగ్గితే ఎంత, పెరిగితే ఎంత? కానీ ఆయన తన కొలతనే అనుమానిస్తున్నారు. ఊళ్ళో కాటాలన్నీ ఎవరిని నమ్ముకున్నాయో ఆ మనిషే తనని తాను నమ్మడం మానేశారు. అది నా అరవై రెండు చేసిన పని. శుక్రవారం సాయంత్రం కాలనీ మొదట్లో సుబ్బులుని పక్కకి లాగి, "నువ్వెంత రాశావే?" అన్నాను. సుబ్బులు మొహం చూస్తేనే తెలిసిపోయింది. "యాభై అయిదక్కా" అంది. "నిజం?" "అరవై నాలుగు." ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. రామ్మోహనరావు గారి ఇంటికి వెళ్ళి అడిగితే ఆయన పేపరు పక్కన పెట్టి, "ఎనభై. మా డాక్టరుకి కూడా అదే చెప్తాను" అన్నారు. "నిజమెంతండీ?" అంటే మళ్ళీ పేపరు తీసేసుకున్నారు. ఆ రాత్రి మంచం కింది మిషను బయటికి లాగి, ఎక్కి చూసుకున్నాను.

శనివారం పదింటికి ముగ్గురం షేర్ ఆటో ఎక్కి నాచారంలో దిగాం. దుర్గేష్ షెడ్డులో కారు ర్యాంపు మీద ఉంది, వెనక ఒక చక్రం ఊడదీసి ఉంది. ఉమాపతి గారు డిక్కీలోంచి పాత స్ప్రింగులు తీసి గోనెగుడ్డ మీద పెడుతున్నారు. దుర్గేష్ చేతిలో పానా పట్టుకుని, "ఏందన్న గిది. మస్తు కూసున్నది బండి. లెక్క ఎక్కడ తప్పిందో నాకైతె అర్థమైతలేదు" అంటున్నాడు.

"ఆగు నాయనా. ఆ స్ప్రింగు ముట్టుకోకు" అన్నాను.

ఉమాపతి గారు కంగారుగా చూశారు. "అయ్యో, మీరు ఇంత దూరం వచ్చారేంటండీ..."

దారంతా తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. "మీ కొలత తప్పలేదండీ. నా బరువు నేను తప్పు రాశాను" అన్నాను.

"అయ్యో, దానికేముందండీ. ఒకటీ రెండూ అటూ ఇటూ అయితే..."

"పదహారు."

దుర్గేష్ చేతిలో పానా ఆగిపోయింది. నేను ఇంకా గట్టిగా, "పదహారు కిలోలు" అన్నాను. ఒకసారి చెప్పాక రెండోసారి చెప్పడం తేలికే. "సుబ్బులు తొమ్మిది. ఈయన ఎంతో ఈయనకే తెలీదు."

ఉమాపతి గారు చేతిలో ఉన్న స్ప్రింగుని గోనెగుడ్డ మీద మెల్లిగా పెట్టారు. తిట్టినా బాగుండేది. దుర్గేష్ మాత్రం అందుకున్నాడు. "నేనప్పుడే చెప్పిన కదన్న, ఎదురుంగ ఇనప కొట్టుల కాటా ఉంది, అందర్ని ఎక్కించమని. వద్దన్నవు. ఆడోళ్ళని కాటా ఎక్కిస్తరా, అడిగితె చెప్తరు అన్నవు. గిప్పుడు సూడు."

అప్పుడు అర్థమైంది నాకు. ఊళ్ళో కాటాలన్నీ సరిచేసే మనిషి, మా ముగ్గురినీ కాటా ఎక్కించకపోవడం మర్చిపోయి కాదు. మర్యాద కోసం. మమ్మల్ని తూచడం తప్పనుకుని, మా మాటని తూకపురాయి అనుకుని పెట్టెలో పెట్టుకున్నారు.

"పదండి. మళ్ళీ మా నోటిమాట నమ్మకండి. నేను కాటా ఎక్కుతాను" అన్నాను.

ఎదురుగా పాత ఇనప సామాన్ల కొట్టు. ముందర పెద్ద ఇనప పలక కాటా, తుప్పు పట్టిన మోటార్లూ రేకులూ తూచేది. దాని మీద ఆకుపచ్చ స్టిక్కరుంది. ఇటు వచ్చినప్పుడల్లా ఆ కాటా సరిచూసి పెట్టేది ఉమాపతి గారే. కొట్టతను ఒక పాత కూలరు దాని మీదనుంచి దింపుతున్నాడు. సందులో టీ తాగుతున్నవాళ్ళు పదిమంది మావైపే చూస్తున్నారు. నేను చెప్పులు విడవబోయాను.

"విడవకండి" అన్నారు ఉమాపతి గారు. "కార్లో చెప్పులతోనే కదా కూర్చుంటారు. సంచి కూడా పట్టుకోండి, మళ్ళీ విడిగా తూచక్కర్లేదు." అని మళ్ళీ మూడు కాగితం ముక్కలు తీసి నా చేతికిచ్చి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. "గట్టిగా చదవకండి. రాసి ఇవ్వండి చాలు."

అంత జరిగాక కూడా ఆయన వెనక్కి తిరగలేదు. దుర్గేష్‌ని కూడా భుజం పట్టుకుని అటు తిప్పారు. నేను ఎక్కాను. ఎర్ర అంకెలు పరిగెత్తి ఆగాయి. సంచికి రెండు తీసేస్తే డెబ్బై ఎనిమిది. చూశాను, బాగా చూశాను, రాశాను. సుబ్బులు ఎక్కింది. రామ్మోహనరావు గారు, "డాక్టరుకి చెప్పకండర్రా" అంటూ ఎక్కి, తొంభై మూడు చూసి, "ఈ కాటా సరిచేసింది నువ్వేనా ఉమాపతీ?" అన్నారు.

"నేనేనండీ" అన్నారాయన వెనక్కి తిరక్కుండా.

"అయితే సరే" అని ఆయన కూడా రాసిచ్చారు.

ఉమాపతి గారు కాగితాలు విప్పి, జేబులో పెన్సిలు తీసి, షెడ్డులోకి వచ్చి పనిబల్ల మీద వంగి లెక్క వేశారు. నేను పరీక్ష రాసిన పిల్లలా చేతులు కట్టుకుని నిలబడ్డాను. రెండుసార్లు కూడారు. పెన్సిలు ఆగింది. "ఆరు" అన్నారు. ఇంకోసారి చూసుకుని, "లెక్క కంటే ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ కిందికి దిగింది. నేను ఉంచింది అయిదు" అన్నారు. తల ఎత్తేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "ఒక్కటే తగిలింది. నా కొలత తప్పలేదు!"

పదకొండేళ్ళలో ఆయన గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, ఏడ్చాను. సుబ్బులు నిమ్మకాయ నా చేతిలో పెట్టింది, ఎందుకో దానికే తెలియాలి.

"వెనక గట్టి స్ప్రింగు ఎయ్యాలె" అన్నాడు దుర్గేష్. "ఎత్తు గంతే ఉంటది. గిది ఇరవై నిమిషాల పని."

ఉమాపతి గారి నవ్వు తగ్గింది. "కానీ నేను మాట ఇచ్చాను. ఒక్కసారి తగిలినా పాతవే వేయిస్తానని. పైగా గట్టివైతే తారామణి గారి మెడకి..."

"నా మెడ సంగతి నేను చూసుకుంటాను" అన్నాను కోపంగా. నిజంగానే కోపం వచ్చింది. మనుషుల్ని చంపడానికి ఇంత మంచితనం చాలు.

రామ్మోహనరావు గారు గోనెగుడ్డ మీద స్ప్రింగులని కాలితో పక్కకి జరిపారు. "ఏమయ్యా, నువ్వు మాట ఇచ్చింది నువ్వు లెక్కేసుకున్న మనుషులకి. అరవై రెండు కిలోల తారామణికి, యాభై అయిదు కిలోల సుబ్బులుకి, ఎనభై కిలోల నాకూ. వాళ్ళెవరూ నీ కారు ఇంతవరకూ ఎక్కనే లేదు. మాకు నువ్వేం మాట ఇవ్వలేదు." అంత బాగా ఆయన ఆఫీసులో కూడా ఎప్పుడూ వాదించి ఉండరు.

"షాకులకి కింద స్క్రూ ఉన్నది, జర లూజు చేస్త. అమ్మకేం కాదు, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు దుర్గేష్. ఉమాపతి గారు అతని వంకా, మా వంకా, కారు వంకా చూశారు. పాత స్ప్రింగులని తీసి, గోనెగుడ్డలో చుట్టి, ఇనప కొట్టతనికి తనే మోసుకెళ్ళి ఇచ్చేశారు. తూచనివ్వలేదు.

సోమవారం ఏడూ ఇరవైకి గేటు ముందు కారు ఆగింది, ఇంజను ఆగింది. ఎక్కాం. ఈసీఐఎల్, మల్లాపూర్ దాటాం. కొంచెం గట్టిగానే ఉంది, నా మెడకి తెలుస్తూనే ఉంది, నేను చెప్పలేదు. నాచారంలో ఫంక్షన్ హాలు బోర్డు కనపడింది. ఏమిటో అలవాటైపోయి, మేం ముగ్గురం ఒక్కసారే పైన పిడి పట్టుకుని సీట్లోంచి లేచాం.

ఉమాపతి గారు అద్దంలో చూశారు. రెండో గేరులోకి మార్చారు.

"వదిలెయ్యండి మేడమ్. హాయిగా కూర్చోండి" అన్నారు. "ఈసారి మిమ్మల్ని పూర్తిగా లెక్కేసుకున్నాను."

నేను పిడి వదిలేశాను. పదకొండేళ్ళుగా ఎక్కుతున్న ఆ కార్లో, డెబ్బై ఎనిమిది కిలోలూ సీటు మీద మోపి కూర్చున్నాను. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. ఏమీ తగల్లేదు.